సర్వర్ డిస్కు పంపకాలు: గట్టు వేసేముందు తేల్చుకోవాల్సినవి

(విజయవాడలో సిస్టమ్ అడ్మిన్లు, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారమండీ. వారధి దాటి గుంటూరు, మంగళగిరి వైపు నుంచి వచ్చినవాళ్లు వెనక నిలబడే ఉన్నారు. ముందు వరసలో కుర్చీలు ఖాళీ, వచ్చి కూర్చోండి. ప్రశ్నలు వేస్తానని భయపడకండి, వేయాల్సింది మీరే.

ఇవాళ్టి విషయం లినక్స్ సర్వర్లో డిస్కు పార్టిషన్లు, అంటే గట్లు వేసి చేసుకునే డిస్కు భాగాలు, వాటిలో ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌లు. కమాండ్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ కమాండ్ కొట్టాక వెనక్కి రాలేమో, ఎందుకు రాలేమో, దాని మీదే ఎక్కువసేపు ఉంటాను. అసలు మాట ముందే చెప్పేస్తున్నా: డిస్కు మొత్తాన్ని మొదటిరోజే పంచేయకండి. మిగతాదంతా దానికి కారణాలే.

మన గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీని ఊహించుకోండి. ఆ స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేది రెవెన్యూ రికార్డు. డిస్కులో అది పార్టిషన్ టేబుల్. ఆ స్థలంలో కట్టిన గోదాము, లోపలి ర్యాకులు, ఆఫీసులో రిజిస్టరు, ఇదంతా ఫైల్ సిస్టమ్. రిజిస్టరు మొదటి పేజీ సూపర్‌బ్లాక్. ఒక్కో లాటుకు రాసుకునే కార్డు ఐనోడ్: ఎవరిది, ఎంత, ఏ ర్యాకుల్లో ఉంది అన్నీ దానిమీదే ఉంటాయి. ఫైలు పేరు మాత్రం ఐనోడ్‌లో ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. ఇక బస్తాలు డేటా బ్లాకులు. రెవెన్యూ కాగితం చిరిగినంత మాత్రాన లోపలి బస్తాలు మాయం కావు. ఈ సంగతి చివర్లో బాగా పనికొస్తుంది.

ఏ డిస్కునైనా ముట్టుకునేముందు చూడాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టండి, పక్కన హైఫన్ ఎఫ్ ఇవ్వండి. ఏ డిస్కులో ఏ పార్టిషన్, దానిమీద ఏ ఫైల్ సిస్టమ్, దాని యూయూఐడీ అనే గుర్తింపు నంబరు, ఎక్కడ మౌంటయింది, అంటే ఏ డైరెక్టరీకి తగిలించారు, అన్నీ ఒకేచోట కనపడతాయి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని సిస్టమ్ డిస్కులకు పెట్టే పేర్లను నమ్మకండి. కొత్త డిస్కు తగిలించి రీబూట్ చేస్తే నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. డిస్కు సీరియల్ నంబరు, సైజు రెండూ సరిపోయాకే ముందుకెళ్లండి. సైజు విషయంలో ఒక తిరకాసు ఉంది. 4 టీబీ డిస్కు కొంటే సిస్టమ్ 3.6 అని చూపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు. డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, ఈ కమాండు 1024 లెక్కన కొలుస్తుంది, అంతే తేడా.

పార్టిషన్ టేబుల్ రెండు రకాలు. పాతది ఎంబీఆర్. అందులో నాలుగే ప్రైమరీ పార్టిషన్లు. సెక్టారు, అంటే డిస్కు చదివి రాసే అతిచిన్న ముక్క, దాని నంబరు రాయడానికి 32 బిట్లే కాబట్టి, 512 బైట్ల సెక్టార్లయితే 2 టీబీ దాటిన చోటును అది చూడలేదు. 4 టీబీ డిస్కుకు ఎంబీఆర్ పెడితే మిగతా సగం ఉండీ లేనట్టే. కొత్తది జీపీటీ. మామూలుగా 128 పార్టిషన్లకు చోటు, తప్పులు పట్టుకోవడానికి చెక్‌సమ్, పైగా టేబుల్ నకలు ఒకటి డిస్కు చిట్టచివర ఉంటుంది. కొత్త సర్వర్‌కు జీపీటీ తప్ప ఇంకోటి పెట్టడానికి నాకు కారణం కనపడదు. పాత బయోస్ మెషీన్‌లో జీపీటీ డిస్కు నుంచి గ్రబ్‌తో (లినక్స్‌ను లోడ్ చేసే ప్రోగ్రాంతో) బూట్ అవ్వాలంటే మాత్రం 1 ఎంబీ చాలు, బయోస్ బూట్ పార్టిషన్ అని ఒకటి పెట్టాలి. బయోస్ తర్వాత వచ్చిన యూఈఎఫ్‌ఐ అయితే ఫ్యాట్32లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ కావాలి.

టూల్స్‌లో ఎఫ్‌డిస్క్, పార్టెడ్ రెండూ వాడతారు. వీటి స్వభావాలు వేరు. ఎఫ్‌డిస్క్‌లో ఏం చేసినా డబ్ల్యూ నొక్కేదాకా డిస్కు మీద ఏమీ రాయదు, అనుమానం వస్తే క్యూ నొక్కి బయటికొచ్చేయొచ్చు. పార్టెడ్ అలా కాదు, ఎంటర్ కొట్టగానే రాసేస్తుంది. ఎఫ్‌డిస్క్ అలవాటున్నవాళ్లు పార్టెడ్‌లో ప్రయోగాలు చేస్తే అక్కడే దెబ్బతింటారు.

మొదటి పార్టిషన్ 2048వ సెక్టారు నుంచి, అంటే సరిగ్గా 1 ఎంబీ దగ్గర మొదలవ్వాలి. పాత టూల్స్ 63వ సెక్టారు దగ్గర మొదలుపెట్టేవి. ఇప్పటి డిస్కులు చాలావరకు లోపల 4096 బైట్ల సెక్టార్లతో నడుస్తాయి. గట్టు తప్పు చోట పడితే ఒక బ్లాకు రాయడానికి డిస్కు రెండు సెక్టార్లు చదివి, మార్చి, మళ్లీ రాయాలి. సర్వర్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఎందుకు నెమ్మదిగా ఉందో ఎవరికీ అంతుపట్టదు. ఇప్పటి ఎఫ్‌డిస్క్ ఇది తనే చూసుకుంటుంది. పార్టెడ్‌లో మాత్రం అంకెల్ని 1024 లెక్క యూనిట్లలోనో శాతాల్లోనో ఇవ్వండి.

ఇక పంపకం. 500 జీబీ డిస్కున్న మామూలు వెబ్ సర్వర్ అనుకుందాం. 1024 లెక్కలో అది 465. ఈఎఫ్‌ఐకి 600 ఎంబీ, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఉండే స్లాష్ బూట్‌కు 1 జీబీ. మిగిలినదంతా ఒకే పార్టిషన్‌గా చేసి ఎల్‌వీఎంకు ఇచ్చేయండి. ఎల్‌వీఎంలో మూడు అంతస్తులు: పార్టిషన్ మీద ఫిజికల్ వాల్యూమ్, అవన్నీ కలిసి ఒక వాల్యూమ్ గ్రూప్, ఆ గ్రూపులోంచి మనకు కావలసినంత కోసుకునే లాజికల్ వాల్యూమ్‌లు. కోత మామూలుగా 4 ఎంబీ ముక్కల్లో జరుగుతుంది. రూట్‌కు, అంటే సిస్టమ్ ఉండే మూల డైరెక్టరీకి, 40 జీబీ, స్లాష్ వార్‌కు 60, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కు 8, సైట్ల డేటాకు 200. మొత్తం 308. ఇంకా 150 పైన మిగిలింది కదా, దాన్ని అలాగే వదిలేయండి.

"ఖాళీగా వదిలేస్తే వృథా కదండీ" అంటారు. కాదు. కారణం ఫైల్ సిస్టమ్ దగ్గర ఉంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అన్న ఫైల్ సిస్టమ్‌ను పెంచగలం, కుదించలేం. ఈఎక్స్‌టీ4 అన్న ఇంకోదాన్ని కుదించగలం, కానీ అన్‌మౌంట్ చేసి. స్లాష్ వార్‌ను పగలు అన్‌మౌంట్ చేసే ధైర్యం ఎవరికుంది? పెంచడమైతే రెండింట్లోనూ సర్వర్ నడుస్తుండగానే, ఒక నిమిషంలో అయిపోతుంది. ఎవరికి చోటు అవసరమవుతుందో మొదటిరోజు మనకు తెలియదు. తెలిశాక ఇద్దాం. తప్పు చోట ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం అన్నదమ్ముల పొలం పంపకం తిరగదోడినట్టే.

స్లాష్ వార్ విడిగా ఎందుకంటే లాగ్‌లు అక్కడే పెరుగుతాయి. ఒక అప్లికేషన్ పిచ్చెక్కినట్టు లాగ్ రాస్తే స్లాష్ వార్ నిండుతుంది, రూట్ బతికి ఉంటుంది, మీరు లాగిన్ అవ్వగలుగుతారు. స్లాష్ బూట్‌కు 1 జీబీ తక్కువని కొందరు అనుకుంటారు. సరిపోతుంది, పాత కెర్నళ్లు తీసేస్తూ ఉంటే. తీయకపోతే ఒకరోజు అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది, కొత్త కెర్నల్ సగం రాసి ఉంటుంది. ఆ స్థితిలో రీబూట్ చేయకండి. ముందు పాతవి ప్యాకేజీ మేనేజర్‌తో తీసి, అప్‌డేట్ పూర్తిచేసి, అప్పుడు చేయండి. చేత్తో ఫైళ్లు చెరిపితే ప్యాకేజీ లెక్క ఒకటి, డిస్కు లెక్క ఒకటి అవుతుంది.

ఈఎక్స్‌టీ4నా, ఎక్స్‌ఎఫ్‌ఎస్సా? ఈఎక్స్‌టీ4 2008 చివర్లో లినక్స్ కెర్నల్ 2.6.28లో స్థిరపడింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇంకా పాతది, సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ 1990లలో తన ఐరిక్స్ మెషీన్లకు చేసుకున్నది. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7 నుంచి వాళ్లకు అదే డిఫాల్ట్. పెద్ద ఫైళ్లు, ఒకేసారి చాలామంది రాసే పని, పదుల టీబీల డేటా ఉంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్. చిన్న సర్వర్, ఎప్పుడైనా కుదించాల్సి రావచ్చు అనుకుంటే ఈఎక్స్‌టీ4. రెండూ మంచివే. దీనిమీద గంటలు వాదించుకునేకన్నా బ్యాకప్ ఒకసారి తిరిగి తెచ్చి చూసుకోవడం మేలు.

ఈఎక్స్‌టీ4లో రెండు విషయాలు మాత్రం తెలియాలి. మొదటిది రిజర్వు. ఫార్మాట్ చేసినప్పుడు 5 శాతం బ్లాకులు రూట్ యూజర్, అంటే అడ్మిన్, కోసం పక్కన పెట్టేస్తుంది. డిస్కు నిండినా రూట్ పనులు ఆగకూడదని ఆ ఏర్పాటు. రూట్ పార్టిషన్‌కు అది మంచిదే. 4 టీబీ డేటా డిస్కు మీద 5 శాతమంటే 200 జీబీ! అక్కడ ట్యూన్‌టూఎఫ్‌ఎస్ హైఫన్ ఎం 1 అని ఇస్తే ఒక శాతానికి దిగుతుంది. అన్‌మౌంట్ అక్కర్లేదు.

రెండోది ఐనోడ్‌లు. డిఫాల్ట్‌గా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ సమయంలోనే లెక్క కట్టేస్తుంది. 100 జీబీకి సుమారు 65 లక్షలు. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లో, మెయిల్ క్యూనో, ఏదో క్యాషేనో కేబీ, రెండు కేబీల ఫైళ్లు లక్షల్లో పుట్టిస్తే బస్తాలకు చోటు ఉంటుంది, కార్డులు అయిపోతాయి. అప్పుడు డిస్కులో చోటు లేదని ఎర్రర్. ఎంత చోటు ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ హైఫన్ హెచ్ చూస్తే 40 శాతం ఖాళీ. మనిషికి మతిపోతుంది. డీఎఫ్ హైఫన్ ఐ చూడండి, ఐయూజ్ 100 శాతం అని ఉంటుంది. ఆ చిన్న ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉన్నాయో, డైరెక్టరీల వాడకం చెప్పే డీయూకు రెండు హైఫన్లు పెట్టి ఐనోడ్స్ అని ఇస్తే తేలుతుంది. చెరిపేటప్పుడు ఆర్‌ఎం స్టార్ కొడితే పేర్ల జాబితా మరీ పొడవైందని తిప్పికొడుతుంది. ఫైండ్‌కు హైఫన్ డిలీట్ ఇచ్చి నడపండి. ఉన్న సైజులో ఐనోడ్‌ల సంఖ్యను తర్వాత పెంచలేం. ఫైల్ సిస్టమ్‌ను పెంచితే దాంతోపాటు కొన్ని వస్తాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఐనోడ్‌లు అవసరం కొద్దీ పుడతాయి కాబట్టి ఈ ఇబ్బంది అరుదు.

ఇప్పుడు పెంచే పని. వర్చువల్ మెషీన్‌కు డిస్కు 100 నుంచి 200 జీబీ చేశారు. లోపల ఏమీ మారలేదు. ఎందుకంటే అంతస్తులన్నీ కింది నుంచి పైకి ఒక్కోటీ పెరగాలి. ముందు డిస్కు పెరిగిందని కెర్నల్‌కు తెలియాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో 200 కనపడకపోతే ఆ డిస్కుకు రీస్కాన్ ఇవ్వాలి. తర్వాత పార్టిషన్‌ను పెంచే గ్రోపార్ట్, పక్కన డిస్కు పేరు, ఖాళీ, పార్టిషన్ నంబరు. ఎస్‌డీఏ3 అని కలిపి రాస్తే పనిచేయదు, ఎస్‌డీఏ, స్పేస్, 3. ఆ తర్వాత ఫిజికల్ వాల్యూమ్‌ను పెంచే పీవీరీసైజ్. ఇక్కడ ఒకసారి వీజీఎస్ కొట్టి ఖాళీ చోటు పెరిగిందో లేదో చూడండి. అప్పుడు లాజికల్ వాల్యూమ్‌ను పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్, హైఫన్ ఆర్, హైఫన్ పెద్ద ఎల్, ప్లస్ 20జీ. ఆ హైఫన్ ఆర్ మర్చిపోతే వాల్యూమ్ పెరుగుతుంది కానీ ఫైల్ సిస్టమ్ పెరగదు, డీఎఫ్‌లో పాత అంకే కనపడుతుంది. మర్చిపోయినా కొంప మునగదు. ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్‌టూఎఫ్‌ఎస్ కమాండుకు వాల్యూమ్ పేరు ఇవ్వండి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అండర్‌స్కోర్ గ్రోఎఫ్‌ఎస్ కమాండుకు మౌంట్ అయిన డైరెక్టరీ పేరు ఇవ్వండి. ఒకదానికి డివైస్, ఇంకోదానికి మౌంట్ పాయింట్. ఇది తారుమారు చేసి ఎర్రర్ వచ్చిందని కంగారుపడేవాళ్లే ఎక్కువ.

ప్లస్ గుర్తు సంగతి. ప్లస్ 20జీ అంటే ఇంకో 20 కలుపు. ప్లస్ లేకుండా 20జీ అంటే మొత్తం 20 చెయ్యి. ఎల్‌వీఎక్స్‌టెండ్ అయితే కుదించడానికి ఒప్పుకోదు. ఎల్‌వీరీసైజ్ మాత్రం రెండువైపులా నడిచే కమాండ్. పాత వెర్షన్లలో డేటా పోతుందని హెచ్చరించి వై కొట్టమని అడుగుతుంది. అన్నిటికీ వై కొట్టడం అలవాటైన చేతికి ఆ హెచ్చరిక అడ్డం కాదు.

కుదించడం దీనికి తలకిందులు, పైనుంచి కిందికి. ఈఎక్స్‌టీ4 వాల్యూమ్‌ను 200 నుంచి 100కు తేవాలంటే: బ్యాకప్, అన్‌మౌంట్, ఈటూఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ ఎఫ్‌తో పూర్తి తనిఖీ, తర్వాత ఫైల్ సిస్టమ్‌ను 90కి దించండి. 100కు కాదు, 90కి. అప్పుడు వాల్యూమ్‌ను 100కు కోసి, చివర రీసైజ్‌టూఎఫ్‌ఎస్ ఏ సైజూ ఇవ్వకుండా కొడితే ఉన్నంతమేరా నిండుతుంది. ఆ పది జీబీల సందు ఎందుకంటే, ఒక్క బ్లాకు అటూఇటూ అయి గోదాము గోడ లోపలికి గట్టు వచ్చిందంటే ఆ ర్యాకులో బస్తాలు పోయినట్టే.

బూట్ సమయంలో ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు దగ్గర కాస్త ఆగుదాం. ఒక్కో లైనులో ఆరు గడులు. మొదటి గడిలో యూయూఐడీ రాయండి, ఎస్‌డీబీ1 అని రాయకండి. ఆరో గడి బూట్ సమయంలో తనిఖీ వరస: రూట్‌కు 1, మిగతా ఈఎక్స్‌టీ4లకు 2, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు 0. సర్వర్ బతకడానికి అవసరం లేని డిస్కు, బ్యాకప్ డిస్కులాంటిది, దానికి ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి. లేకపోతే ఆ డిస్కు లేనిరోజు, బూట్‌లో సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది. అప్పుడు దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు. సర్వర్ హైదరాబాద్ డేటాసెంటర్లో, మీరు బెంజిసర్కిల్లో! అందుకని ఎఫ్‌స్టాబ్ మార్చిన ప్రతిసారీ ఫైండ్‌ఎంఎన్‌టీ వెరిఫై కొట్టండి, తర్వాత మౌంట్ హైఫన్ ఏ. రెండూ ఎర్రర్ లేకుండా దాటితేనే రీబూట్ మాట.

*ప్రశ్న: సార్, డీఎఫ్ 95 శాతం అంటోంది, డీయూతో కూడితే సగం కూడా రావట్లేదు. ఎందుకు?*

మంచి ప్రశ్నండీ. రెండు కారణాలుంటాయి. పెద్ద లాగ్ ఫైలును ఎవరో ఆర్‌ఎం కొట్టారు, కానీ ఆ లాగ్ రాస్తున్న ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయింది, బస్తాలు ర్యాకులోనే ఉన్నాయి. ఆ ప్రోగ్రాం వదిలేదాకా చోటు తిరిగిరాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కు ప్లస్ ఎల్1 ఇస్తే ఇలాంటి ఫైళ్లన్నీ చూపిస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే చోటు వచ్చేస్తుంది. ఇకమీదట నడుస్తున్న లాగ్‌ను చెరపకండి, ట్రంకేట్‌తో సున్నా సైజుకు తెండి, లేదా లాగ్‌రొటేట్‌కు అప్పగించండి. రెండో కారణం, మౌంట్ పాయింట్ కింద దాక్కున్న ఫైళ్లు. బ్యాకప్ డిస్కు మౌంట్ కాని రాత్రి స్క్రిప్టు ఖాళీ డైరెక్టరీలోకే, అంటే రూట్ మీదికే రాసేసింది. తర్వాత డిస్కు మౌంటయ్యాక అవి కనపడవు. రూట్‌ను ఇంకో డైరెక్టరీ మీద బైండ్ మౌంట్ చేసి అక్కడ చూడండి. నోఫెయిల్ పెట్టినచోట ఈ ప్రమాదం ఎక్కువ కాబట్టి, స్క్రిప్టు మొదట్లోనే డిస్కు నిజంగా మౌంటయిందో లేదో మౌంట్‌పాయింట్ అన్న కమాండుతో చూసుకోనివ్వండి.

*ప్రశ్న: మా ఆఫీసులో ట్యాలీ నడిచేది విండోస్ సర్వర్. సీ డ్రైవ్ పెంచుదామంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ వెలిసిపోయి ఉంటోంది.*

సీ డ్రైవ్‌కు వెంటనే కుడిపక్కన ఖాళీ ఉంటేనే అది పెంచుతుంది. మధ్యలో రికవరీ పార్టిషనో, డీ డ్రైవో అడ్డు ఉంటుంది, చూడండి. ట్యాలీ డేటాను ముందే వేరే డ్రైవ్‌లో పెట్టుకుంటే సీ జోలికే పోనక్కర్లేదు.

ఎండాకాలం కరెంటు సంగతి. ఉన్నట్టుండి కరెంటు పోతే, ఫైల్ సిస్టమ్ తన మార్పుల్ని ముందే రాసుకునే జర్నల్ కాపాడుతుంది అంటారు. అది నిజమే, కానీ జర్నల్ కాపాడేది రిజిస్టర్‌ను. మామూలు సెట్టింగులో బస్తాల్లో సరుకును కాదు. ఫైల్ సిస్టమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, చివరి క్షణాల్లో రాసిన ఫైలు సగమే ఉండొచ్చు. కాబట్టి యూపీఎస్ కావాలి. బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందన్నది ఒక్కటే చూడకండి, బ్యాటరీ తగ్గగానే సర్వర్‌ను షట్‌డౌన్ చేసే కేబులూ సాఫ్ట్‌వేరూ పెట్టారా అన్నదీ చూడండి.

పాడైందని తెలిశాక: మౌంటయి ఉన్న ఫైల్ సిస్టమ్ మీద ఎఫ్‌ఎస్‌సీకే రిపేరు ఎప్పుడూ చేయకండి. ఒకే రిజిస్టరులో ఇద్దరు గుమస్తాలు ఒకేసారి కొట్టివేతలు చేసినట్టవుతుంది. ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. చెడిన సెక్టార్ల లెక్క చెప్పే 5, 197, 198 నంబర్ల వరసల్లో అంకె పెరుగుతుంటే అది ఫైల్ సిస్టమ్ జబ్బు కాదు, డిస్కే పోతోంది. అలాంటి డిస్కు మీద రిపేరు నడిపితే ఉన్నదీ పోతుంది. డీడీరెస్క్యూతో ఇంకో డిస్కుకు కాపీ తీసి, రిపేరు ఆ కాపీ మీద చేయండి. ఈఎక్స్‌టీ4లో సూపర్‌బ్లాక్ చెడితే నకళ్లు ఉంటాయి, 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు 32768వ బ్లాకులో. ఈటూఎఫ్‌ఎస్‌సీకేకు హైఫన్ బీ ఇచ్చి ఆ నంబరు చెప్పండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేరులో పెద్ద ఎల్ ఆప్షన్ చాలామంది మొదటే కొట్టేస్తారు. అది లాగ్‌ను, అంటే జర్నల్‌నే, పారేస్తుంది. ముందు ఒకసారి మౌంట్ చేసి చూడండి, మౌంట్‌లో లాగ్‌లో మిగిలిన మార్పులు వాటంతటవే పూర్తవుతాయి. మౌంట్ కాకపోతేనే, వేరే దారి లేకపోతేనే పెద్ద ఎల్.

*ప్రశ్న: ఎఫ్‌డిస్క్‌లో పొరపాటున పార్టిషన్ డిలీట్ చేసి డబ్ల్యూ కొట్టేస్తే?*

చేతులు కీబోర్డు మీంచి తీసేయాలి. రీబూట్ చేయకూడదు. మొదట్లో చెప్పాను కదా, చిరిగింది రెవెన్యూ కాగితం, గోదాము అలాగే ఉంది. ఆ పార్టిషన్ ఇంకా మౌంటయి ఉంటే పాత కొలతలు కెర్నల్ దగ్గర ఉన్నట్టే. స్లాష్ సిస్‌లో బ్లాక్ అన్న డైరెక్టరీలో ఆ డిస్కు, దానిలో ఆ పార్టిషన్, అందులో స్టార్ట్, సైజ్ అని రెండు ఫైళ్లుంటాయి. రెండు అంకెలూ 512 బైట్ల సెక్టార్లలో ఉంటాయి. కాగితం మీద రాసుకోండి. ఎఫ్‌డిస్క్‌లో మళ్లీ అదే స్టార్ట్‌తో పార్టిషన్ చేయండి. చివరి సెక్టారు స్టార్ట్‌కు సైజ్ కలిపి ఒకటి తీసేస్తే వస్తుంది. ఆ ఒకటి మర్చిపోకండి. ఇక్కడ పాత ఈఎక్స్‌టీ4 సంతకం కనపడింది, తీసేయమంటారా అని అడుగుతుంది. వద్దు, ఎన్ కొట్టండి. తర్వాత ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్ జోలికి పోకుండా డబ్ల్యూ. మీరు రీబూట్ చేసేసి ఉంటే టెస్ట్‌డిస్క్ అన్న టూల్ డిస్కంతా వెతికి పాత గట్ల జాడలు పట్టుకుంటుంది, దొరికే అవకాశం బాగానే ఉంటుంది.

ఈ కష్టం లేకుండా ఇవాళే చేసుకోగలిగిన పని ఒకటుంది. ఎస్‌ఎఫ్‌డిస్క్ హైఫన్ డీ, పక్కన డిస్కు పేరు. టేబుల్ మొత్తం మామూలు టెక్స్ట్‌గా వస్తుంది, కొద్ది లైన్లే. ఎల్‌వీఎం ఉన్నవాళ్లు వీజీసీఎఫ్‌జీబ్యాకప్ కూడా తీయండి. ఆ ఫైళ్లను అదే డిస్కు మీద పెట్టకండి, వేరే మెషీన్‌లో ఉంచండి. డిస్కు మార్చినప్పుడల్లా మళ్లీ తీయండి. టీ వచ్చినట్టుంది. మిగిలిన ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.